ముందు లోడు, తర్వాతే ఇంజన్

ట్రాక్టర్ కొందామని మనసులో పడింది. చేతిలో కొంత డబ్బుంది, మిగతాది కిస్తుల్లో కట్టవచ్చనే ధైర్యం ఉంది. ఇంట్లో ఒప్పుకున్నారు. ఇక ఏ బండి కొనాలి?

ఎవరినడిగినా ముందు అడిగేది ఒకటే: "ఎన్ని హార్స్‌పవర్ తీస్కుంటున్నవ్ తమ్మీ?" నలభై అంటే "గది ఏం గుంజుతది" అంటారు. యాభై అయిదు అంటే మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు కోసమే లక్ష, లక్షన్నర ఎక్కువ పెట్టేవాళ్లు మంచిర్యాల, లక్షెట్టిపేట, చెన్నూరు చుట్టుపక్కల తక్కువేం లేరు.

మన దగ్గర చాలా ఇళ్లలో ట్రాక్టర్ కొనేది సగం ట్రాలీ కోసమే. కడెం కాలువ కింద దండేపల్లి, లక్షెట్టిపేట వైపు వడ్లు కొనుగోలు కేంద్రానికి చేర్చాలి. కోటపల్లి, వేమనపల్లి రేగడి చేల నుంచి పత్తి జిన్నింగ్ మిల్లుకు పోవాలి. పంటలు లేని నెలల్లో ఇటుక, కంకర, మొరం కిరాయికి తోలితేనే కిస్తు వెళ్తుంది. దున్నడానికి బండి ఎంచుకోవడం ఒక లెక్క, బరువు లాగడానికి ఎంచుకోవడం ఇంకో లెక్క. ఈ అధ్యాయం రెండో దాని గురించే. నేను చెప్పదలుచుకున్నది కూడా ఒక్కటే: తక్కువ డబ్బు ఉన్నవాడు లాగే శక్తికన్నా ముందు ఆపే శక్తిని, టైరు పట్టును, ట్రాలీ నాణ్యతను కొనాలి. హార్స్‌పవర్ వాటి తర్వాత.

1. కాగితం తీసి మూడు జవాబులు రాయండి

షోరూముకు వెళ్లకముందే ఈ పని అయిపోవాలి. మీరు ఎక్కువగా తోలే సరుకు ఏమిటి? అది ఏ దారిన పోతుంది? ఒక్క ట్రిప్పులో అన్నిటికన్నా ఎక్కువ బరువు ఎంత ఉండవచ్చు?

సరుకు ఎందుకు ముఖ్యమో ఒక లెక్కతో చూద్దాం. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తున్న ట్రాలీ అనుకోండి. అంటే 120 ఘనపుటడుగులు. పలకల వరకు వదులుగా వడ్లు పోస్తే దాదాపు రెండు టన్నులు. అదే ట్రాలీలో పత్తి తొక్కి నింపినా పలకల వరకే అయితే టన్ను కూడా కాదు. తడి ఇసుక నింపితే ఆరు టన్నులు దాటుతుంది! ట్రాలీ అదే, చూపుకు నిండినట్టే ఉంటుంది, కానీ ఇంజన్ మీద పడే భారం ఆరింతలు మారిపోతుంది. "ట్రాలీ నిండా" అనే మాట బరువును చెప్పదు. టన్నుల్లో ఆలోచించడం అలవాటు చేసుకోండి.

వడ్ల బస్తా 40 కిలోలు. వంద బస్తాలంటే నాలుగు టన్నులు. ఇటుక ఒకటి మూడు కిలోలనుకుంటే వెయ్యి ఇటుకలు మూడు టన్నులు. దీనికి ఖాళీ ట్రాలీ బరువు కలపాలి, అది టన్ను నుంచి టన్నున్నర దాకా ఉంటుంది. ఈ ఖాళీ బరువును మర్చిపోవడం అందరూ చేసే మొదటి పొరపాటు. దగ్గర్లోని వే బ్రిడ్జి మీద ఒకసారి ఖాళీ ట్రాలీ, ఒకసారి నిండు ట్రాలీ తూకం వేయించండి. ఆ చీటీ జాగ్రత్తగా దాచుకోండి, తర్వాత బేరం అంతా దాని మీదే నడుస్తుంది.

అమెరికాలో మోటార్ హోమ్ కొనేవాళ్లు, అంటే లోపలే వంటిల్లూ మంచమూ ఉన్న పెద్ద బండి కొని దాని వెనక ఇంకో బండి కట్టుకునేవాళ్లు, ముందు చూసేది ఇంజన్ సైజు కాదు. బండి, వెనకది, సామాను, మనుషులు అన్నీ కలిపి ఎంత బరువు వరకు కంపెనీ ఒప్పుకుంది అన్న అంకె చూస్తారు. ఆ తర్వాత హుక్కు ఎంత బరువు మోస్తుందో చూస్తారు. రెండింట్లో ఏది తక్కువో అదే వాళ్ల హద్దు. మనకూ అదే పద్ధతి పనికొస్తుంది. ఇంజన్ ఎనిమిది టన్నులు లాగగలిగినా, హుక్కు పిన్నో ట్రాలీ ఇరుసో నాలుగు టన్నులకే చేసినదైతే మీ హద్దు నాలుగు టన్నులే.

2. దారిని చదవండి

ఇంజన్‌ను ఏడిపించేది బరువొక్కటే అనుకుంటాం. నిజానికి ఎక్కువ ఏడిపించేది నేల. డాంబర్ రోడ్డు మీద టన్ను బరువును కదిలించడానికి ఇరవై కిలోల లాగుడు చాలు. గట్టి మట్టిబాట మీద నలభై, యాభై కావాలి. తడిసిన పొలంలో వంద, నూటయాభై. వదులు ఇసుకలో ఇంకా ఎక్కువ. దీనికి ఎత్తు కలిస్తే? పది అడుగులకు ఒక అడుగు లేచే ఎక్కుడులో ప్రతి టన్నుకు మరో వంద కిలోలు కలపాలి.

ట్రాలీ, సరుకు కలిసి ఆరు టన్నులనుకోండి. 63వ జాతీయ రహదారి మీద లక్షెట్టిపేట నుంచి మంచిర్యాల దాకా ఇంజన్‌కు కావలసిన లాగుడు 120 కిలోల చుట్టూ. గంటకు పాతిక కిలోమీటర్ల వేగానికి ఇరవై హార్స్‌పవర్ సరిపోతుంది. ఇరవయ్యేనా అని ఆశ్చర్యంగా ఉందా? చదును రోడ్డు మీద అంతే. అదే ఆరు టన్నులు వాన పడ్డ పొలంలోంచి బయటికి రావాలంటే ఆరు వందల కిలోలు దాటుతుంది. ఆ చోట బండి ఆగిపోతుంది. ఆగేది ఇంజన్ చాలకనా? తొంభై పాళ్లు కాదు. టైర్లు తిరుగుతూనే ఉంటాయి, బండి కదలదు. చాలనిది పట్టు.

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది? వెనక చక్రాల మీద పడే బరువు నుంచి. రెండు టన్నుల ట్రాక్టర్లో పన్నెండు వందల కిలోలకు పైగా వెనక ఇరుసు మీద ఉంటుంది. తడి నేల మీద అందులో సగమే లాగుడుగా మారుతుంది. యాభై అయిదు హార్స్‌పవర్ పెట్టి కొన్నా, బండి తేలికదైతే ఆ శక్తి బురదలో టైరు అరగడానికే ఖర్చవుతుంది.

కాబట్టి మీ దారి ఎలాంటిదో నిజాయితీగా రాసుకోండి. కల్లం నుంచి బీటీ రోడ్డు ఎంత దూరం? మధ్యలో వాగు ఉందా? రైల్వే అండర్ బ్రిడ్జి దిగి ఎక్కాలా? జన్నారం వైపు అడవి బాటల్లో ఎత్తుపల్లాలు ఉన్నాయా? కాసిపేట, తాండూరు గుట్టల పక్కన ఊరా? దారిలో అన్నిటికన్నా చెడ్డ వంద గజాలే మీ బండిని నిర్ణయిస్తాయి. మిగతా ఇరవై కిలోమీటర్లు ఏ బండయినా పోతుంది.

3. ఎంత శక్తి చాలు?

ఇక్కడ ఎక్కువ సేపు ఆగను. నాలుగు టన్నుల సరుకు, డాంబర్, మట్టిబాటలు, ఓ మోస్తరు ఎక్కుళ్లు అయితే 40 నుంచి 45 హార్స్‌పవర్ హాయిగా సరిపోతుంది. మన ప్రాంతంలో ఎక్కడ చూసినా కనిపించే మహీంద్రా 575, స్వరాజ్ 744, మాసీ ఫెర్గూసన్ 241 ఈ చుట్టుపక్కలవే. వీటి గొప్పతనం ఒక్కటే చెప్తాను: విడిభాగాలు మంచిర్యాలలో దొరుకుతాయి, చెయ్యి తిరిగిన మేస్త్రీలు ఊరూరా ఉన్నారు. వడ్లు తడుస్తుంటే విడిభాగం కోసం హైదరాబాద్‌కు ఫోన్ చేయించే బండి ఎంత గొప్పదైనా మీకు వద్దు.

యాభై దాటాలంటే ఒక సంగతి తెలుసుకోండి. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు కఠినమైన పొగ నిబంధనలు వచ్చాయి. దాంతో ఆ తరగతి ఇంజన్లలో ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థ వచ్చింది, ధర పెరిగింది, ఊరి మేస్త్రీ చేతికి అందని పనులూ పెరిగాయి. బడ్జెట్ బిగువుగా ఉన్నవాళ్లు యాభై లోపలే ఉండటం మంచిదని నా గట్టి అభిప్రాయం. రోజూ ఇటుక బట్టీకో క్రషర్‌కో నడిపేవాళ్ల సంగతి వేరు.

4. ఆపడం గురించి ఆలోచించారా?

ఈ భాగాన్ని దయచేసి రెండుసార్లు చదవండి. మన ట్రాలీల్లో ఎక్కువ వాటికి సొంత బ్రేకులు లేవు. అంటే రెండు టన్నుల ఇంజన్, అదే ట్రాక్టర్, తన వెనక చక్రాల బ్రేకులతోనే, వెనకున్న ఆరు టన్నులనూ ఆపాలి. యూరప్‌లో కారు వెనక కట్టే ట్రైలర్ 750 కిలోలు దాటితే దానికి సొంత బ్రేకు ఉండి తీరాలి. మనం ఆరు వేల కిలోలను బ్రేకు లేకుండా తోలుతున్నాం.

లెక్క చూడండి. పొడి డాంబర్ మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఖాళీ ఇంజన్, బ్రేకు పట్టాక ఎనిమిది మీటర్లకు అటూఇటూగా ఆగుతుంది. వెనక ఆరు టన్నులు ఉంటే అదే బ్రేకుకు ముప్పై మీటర్లు దాటుతుంది. బ్రేకు మీద కాలు వేయడానికి పట్టే సెకనులో మరో ఎనిమిది మీటర్లు గడిచిపోతాయి. దిగుడు అయితే ఇంకా ఎక్కువ. తడి రోడ్డయితే చెప్పనక్కర్లేదు. ముందు బొగ్గు లారీ సడన్‌గా ఆగిందనుకోండి. మీకు ఆ నలభై మీటర్లు ఉంటాయా?

అందుకే బండి ఎంచుకునేటప్పుడు ఈ నాలుగు చూడాలి.

ఒకటి, ఆయిల్ బ్రేకులున్న బండి. నూనెలో మునిగి ఉండే డిస్కులు నీళ్లు, దుమ్ము పడినా పట్టు తప్పవు, పొడి బ్రేకులకన్నా ఎక్కువ కాలం వస్తాయి. పాత బండి కొంటున్నా ఇది ఉన్నదే వెతకండి. దీనికోసం నాలుగైదు హార్స్‌పవర్ తగ్గినా పర్వాలేదు.

రెండు, బ్రేకు పెడళ్ల జత లాక్. ట్రాక్టర్‌కు కుడి కాలు దగ్గర రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి, పొలంలో మలుపు తిప్పడానికి విడివిడిగా పనిచేస్తాయి. రోడ్డెక్కేటప్పుడు వాటిని కలిపే చిన్న ఇనుప పట్టీ వేసుకోవాలి. చాలా పాత బండ్లలో ఆ పట్టీ ఊడిపోయి ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. లోడుతో పోతూ ఒక్క పెడల్ మీదే కాలు పడితే బండి ఒక పక్కకు గుంజి, ట్రాలీ అడ్డం తిరుగుతుంది. బేరం కుదరకముందే పట్టీ ఉందో లేదో చూడండి. లేకపోతే వెల్డింగ్ షాపులో చేయించడం పెద్ద ఖర్చేం కాదు.

మూడు, వీలైతే ట్రాలీకే బ్రేకు. కొత్త ట్రాలీ చేయించుకునేవాళ్లు ఈ మాట ముందే చెప్పాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ మ్యూజిక్ సిస్టమ్‌కు, బంపర్ మీద స్టీలు కడ్డీలకు పెట్టే డబ్బు ముందు ఇక్కడ పెట్టండి.

నాలుగు, గేర్ల వరుస. దిగుట్లో బండిని పట్టి ఉంచేది బ్రేకులకన్నా ముందు గేరు. ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగాలి. డీజిల్ మిగులుతుందని దిగుట్లో న్యూట్రల్ చేసే అలవాటు ఎందరి ప్రాణాలో తీసింది. డ్రైవర్‌ను పెట్టుకునేటప్పుడు లైసెన్సు చూసి, వెంటనే ఈ ఒక్క ప్రశ్న అడగండి: "దిగుట్ల ఎట్ల తోల్తవ్ అన్నా?" జవాబులో న్యూట్రల్ మాట వస్తే ఇంకొకరిని చూసుకోండి.

5. డబ్బును మూడు కుప్పలు చేయండి

మీ దగ్గర అయిదు లక్షలున్నాయనుకుందాం. మొత్తం ఇంజన్ మీద పెట్టేస్తే ఏమవుతుంది? అప్పు చేసి పాత, వంగిన ట్రాలీ కొంటారు. మొదటి వానాకాలంలో టైరు పగులుతుంది. చేతిలో పైసా ఉండదు, కిస్తు తేదీ వస్తుంది.

అందుకని ముందే విడగొట్టండి. మూడు లక్షలు ఇంజన్‌కు. ఒకటిన్నర లక్ష ట్రాలీకి. యాభై వేలు ముట్టకూడని డబ్బు: టైర్లకు, క్లచ్‌కు, బీమాకు, పేరు మార్పిడికి. మూడు లక్షల్లో మంచి ఇంజన్ దొరకకపోతే? అప్పుడు వయసు తక్కువున్న చిన్న ఇంజన్ చూడండి, లేదా ఇంకో సీజన్ ఆగండి. మూడో కుప్పను మాత్రం కదపవద్దు. వెనక టైర్ల జత మార్చాల్సి వస్తే ఒక్కదెబ్బకు యాభై వేల చుట్టూ పోవచ్చు. ఆ దెబ్బ ఎప్పుడొస్తుందో మీ చేతిలో ఉండదు.

కొత్తదా, పాతదా అన్న ఊగిసలాటలో ఉన్నవాళ్లు ఒక మార్పు గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంతకుముందు పన్నుతో కలిపి ఏడు లక్షలున్న బండి మీద దాదాపు 44 వేలు తగ్గినట్టు. కొత్తది తగ్గినప్పుడు పాతది కూడా తగ్గాలి కదా? పాత ధరను పట్టుకుని అమ్మేవాళ్లతో ఈ మాట నిదానంగా చెప్పండి. "కొత్త బండే గింత తగ్గింది పటేలా, మీరు కూడ జర చూడాలె" అంటే ఎవరూ తప్పు పట్టరు.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. బరువైన లోడు మీకు నిజంగా ఏడాదిలో ఎన్ని రోజులు? రెండు పంటల వడ్లు, రెండు వారాల పత్తి అంతేనా? అయితే మీ పొలానికి సరిపడే చిన్న ఇంజన్ కొని, ఆ కొద్ది రోజులు పెద్ద బండి కిరాయికి పెట్టుకోవడం లాభం. ఇది చెప్తే చాలామందికి నచ్చదు. ఇంటి ముందు పెద్ద బండి ఉండాలన్న కోరిక నాకు అర్థమవుతుంది. కానీ వడ్డీ ఆ కోరికను చూసి తగ్గదు.

6. పాత బండిని పొద్దున్నే చూడండి

అమ్మేవాళ్లు "మధ్యాహ్నం రండి" అంటే మీరు పొద్దున ఆరింటికి వెళ్లండి. ఇంజన్ మీద అరచెయ్యి పెట్టండి. చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి వేడెక్కించారని అర్థం, అంటే చల్లగా ఉన్నప్పుడు మొరాయిస్తుందన్నమాట. ఇంకో రోజు, చెప్పకుండా వెళ్లండి.

చల్లని ఇంజన్ స్టార్ట్ చేశాక పొగ చూడండి. మొదట కాసేపు తెల్లగా వచ్చి ఆగిపోతే భయం లేదు. నీలం రంగు ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోంది. లోడు లేకుండానే నల్లటి పొగ చిమ్మితే నాజిళ్లో పంపో పని అడుగుతున్నాయి. ఇప్పుడు ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత మెల్లగా తీయండి. లోపలి నుంచి పొగ కుమ్ముకొస్తోందా? రింగులు అరిగాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీ రంగులో ఉందా? నీళ్లు కలుస్తున్నాయి, అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి.

క్లచ్ చూడటం చాలా తేలిక. చదునైన ఖాళీ జాగాలో, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని, పెద్ద గేరు వేసి బ్రేకులు గట్టిగా పట్టి క్లచ్ మెల్లగా వదలండి. మంచి క్లచ్ అయితే ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూ తిరుగుతూ ఉంటే ప్లేట్లు జారుతున్నాయి. బరువు లాగే బండికి ఇది ప్రాణం.

తర్వాత వెనక్కి రండి. చాలామంది చూడని చోటు ఇదే. ట్రాలీ తగిలించే హుక్కు, అది బిగించిన బ్రాకెట్, దాని బోల్టులు. అక్కడ వెల్డింగ్ మీద వెల్డింగ్ కనిపిస్తే ఆ బండి తన శక్తికి మించి లాగిందని రాసిపెట్టినట్టే. పిన్ను రంధ్రం గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా? వెనక ఇరుసు పక్కల ఆయిల్ చెమ్మ ఉందా? బండి హుందాగా రంగేసుకుని ఉన్నా ఈ చోటు అబద్ధం చెప్పదు.

టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాళ్లు లోతుగా ఉన్నా ఏళ్లు దాటిన రబ్బరు ఎండలో బీటలు తీస్తుంది, లోడు మీద పగులుతుంది. మన ఎండలకు ఇది ఇంకా తొందరగా అవుతుంది.

అన్నీ బాగున్నాయా? అయితే చివరి పరీక్ష: నిండు ట్రాలీ తగిలించి ఒక ఎక్కుడు ఎక్కించి, మధ్యలో ఆపి, మళ్లీ కదిలించి చూడండి. వెనక్కి జారకుండా కదలాలి, గేరు జారకూడదు, ముందు చక్రాలు లేవకూడదు. దీనికి ఒప్పుకోని అమ్మకందారుకు బయానా ఇవ్వకండి. మేస్త్రీని తీసుకెళ్లేటప్పుడు కూడా ఒక జాగ్రత్త: అమ్మేవాళ్లు చూపించిన మేస్త్రీని కాకుండా మీరు డబ్బిచ్చే మేస్త్రీని తీసుకెళ్లండి.

7. ట్రాలీలో దాగిన చిక్కులు

రెండు చక్రాల ట్రాలీలో సరుకు ఎక్కడ పడుతుందన్నది పెద్ద విషయం. బరువు ఇరుసుకు కొంచెం ముందుకు ఉండాలి, మొత్తంలో పదో వంతు హుక్కు మీద పడాలి. అప్పుడు ఇంజన్ వెనక చక్రాలకు పట్టు పెరుగుతుంది. వెనక తలుపు వైపు ఎక్కువ నింపితే ట్రాలీ హుక్కును పైకి లేపుతుంది, ఇంజన్ పట్టు పోతుంది, ఎక్కుడులో టైర్లు ఉత్తగా తిరుగుతాయి. మరీ ముందుకు నింపితే ముందు చక్రాలు తేలిక అయి స్టీరింగ్ మాట వినదు. బస్తాలు వేసే హమాలీలకు ఈ ముక్క ముందే చెప్పండి.

హుక్కు ఎత్తు గురించి ఒక్క హెచ్చరిక. ఎంత ఇరుక్కున్నా సరే, వెనక పైన ఉండే టాప్ లింక్‌కు గొలుసు కట్టి లాగకండి. ఇరుసుకన్నా పైనుంచి లాగితే ఇంజన్ ముందు భాగం లేచి డ్రైవర్ మీదికి తిరగబడుతుంది. క్షణంలో జరిగిపోతుంది, దూకే సమయం ఉండదు. ట్రాలీ లాగేది ఎప్పుడూ కింది హుక్కు నుంచే.

పట్టు చాలడం లేదని అనిపిస్తే పెద్ద బండి కొనేముందు వెనక టైర్లలో ముప్పావు వంతు నీళ్లు నింపించండి. 13.6-28 సైజు టైరు ఒక్కోదానిలో నూటయాభై లీటర్ల చుట్టూ పడుతుంది, అంటే రెండిటికీ కలిపి మూడు వందల కిలోలు. తడి నేల మీద దాంతో నూట ఇరవై, నూటయాభై కిలోల లాగుడు అదనంగా దొరుకుతుంది. దానికయ్యే ఖర్చు ఎంత? పంక్చర్ షాపు కూలి.

పలకలు ఎత్తు పెంచే ముందు కూడా ఆలోచించండి. పత్తి కోసం అయితే సరే, తేలిక సరుకు. ఆ పెంచిన పలకలు చూసి రేపు ఎవరో మొరం నింపుతారు. పత్తి పలకలు తీసి పక్కన పెట్టేలా బోల్టులతో చేయించుకోండి, శాశ్వతంగా వెల్డింగ్ చేయించకండి.

ఇక రాత్రి వేళ. లైటు లేని ట్రాలీ రోడ్డు పక్కన ఆగి ఉంటే వెనక వచ్చే బైకు వాడికి అది కనిపించదు. రాజీవ్ రహదారి మీదా, చంద్రాపూర్ వెళ్లే 363వ జాతీయ రహదారి మీదా లారీల వేగం మీకు తెలుసు. ట్రాలీ వెనక ఎర్ర రేడియం టేపు, రెండు టెయిల్ లైట్లు, ఇంజన్ నుంచి ఒక వైరు. ఒక పూట కిరాయి డబ్బుతో అయిపోతుంది. ట్రాలీ ఇంటికొచ్చిన రోజే చేయించండి.

8. జాతరకు ట్రాలీ

ఈ విషయం రాయకుండా ఉండలేను. రెండేళ్లకోసారి మాఘ మాసంలో మేడారం సమ్మక్క సారలమ్మ జాతర వస్తుంది. ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని పోయేవాళ్లు. ఇప్పుడు మంచిర్యాల వైపు నుంచి మంథని, కాటారం మీదుగా ట్రాక్టర్లు బారులు తీరతాయి. ట్రాలీ మీద వెదురు బద్దలు వంచి టార్పాలిన్ కప్పి, కింద గడ్డి పరిచి, బియ్యం, పొయ్యి, కోళ్లు, ఎత్తు బంగారం (మొక్కు బెల్లం), పిల్లలు, ముసలివాళ్లు అందరూ అందులోనే. నాలుగు రోజులు ఆ ట్రాలీయే ఇల్లు. ఆ ఆనందం ఏంటో పోయినవాళ్లకు తెలుసు.

కానీ ట్రాలీ మనుషుల కోసం చేసింది కాదు. మనుషులను ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు, ఏదైనా జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. రెండు చక్రాల ట్రాలీలో సరుకు కదలదు, మనుషులు కదులుతారు. అందరూ ఒక పక్కకు ఒరిగితే మలుపులో బోల్తా పడటానికి అదే చాలు. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. మనుషులు బస్సులో, సామాను, టార్పాలిన్, వంట గిన్నెలు ట్రాలీలో పంపండి. అక్కడికి చేరాక ఆ ట్రాలీ కిందే, దాని నీడలోనే మకాం వేయండి. ఇల్లు అలాగే ఉంటుంది, ప్రయాణం మాత్రం క్షేమంగా జరుగుతుంది.

9. కాగితాలు

బండి నచ్చింది, ధర కుదిరింది. సంతకం పెట్టే ముందు ఆర్‌సీ మీద ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద మీ కళ్లతో చదివి సరిచూసుకోండి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరినట్టు కంపెనీ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతిలో పడ్డాకే పూర్తి డబ్బు ఇవ్వండి. "రేపు తెచ్చిస్త" అన్న మాట మీద మిగతా సొమ్ము ఇవ్వకూడదు. అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు సంతకాలు చేయాల్సినవి ఫారం 29, ఫారం 30. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల వరకే చెల్లుతుంది. గడువు దగ్గరపడ్డ బండి చౌకగా దొరికితే, పొడిగింపు ఖర్చు, అందుకు చేయించాల్సిన మరమ్మతులు కలిపి లెక్క వేయండి.

చంద్రాపూర్, గడ్చిరోలి వైపు నుంచి మహారాష్ట్ర నంబరు బండ్లు మన దగ్గరికి వస్తుంటాయి, ధర కాస్త తక్కువే ఉంటుంది. అక్కడి రవాణా ఆఫీసు ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే ఫారం 28 లేకపోతే ముట్టుకోవద్దు. వేరే రాష్ట్రం బండిని ఏడాదికి మించి ఇక్కడ తిప్పాలంటే మన దగ్గర మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి.

ట్రాలీకి ఇంజన్‌తో పాటు సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి, సొంత బీమా ప్రీమియం ఉండాలి. ఇంజన్ బీమా కట్టి ట్రాలీని వదిలేసేవాళ్లే ఎక్కువ. ట్రాలీ ఎవరినైనా తగిలిన రోజు కంపెనీ అడిగే మొదటి కాగితం అదే. కొత్తగా చేయించుకుంటుంటే ఆ షాపువాళ్లు రిజిస్ట్రేషన్‌కు పనికొచ్చే పత్రాలు ఇస్తారా అని బయానాకు ముందే అడగండి. మీ పాలసీ మీద "వ్యవసాయ పనులకు" అని ఉంటే ఇటుక, కంకర కిరాయికి అది వర్తించదు. కిరాయికి తోలేవాళ్లు ఆ సంగతి ఏజెంటుకు దాచకుండా చెప్పి, దానికి తగిన పాలసీ తీసుకోండి. గోదావరి ఇసుకకు అయితే అనుమతి పత్రం లేకుండా ట్రాలీ కదిలించకండి.

బండి చేతులు మారిన 14 రోజుల్లోగా బీమాను మీ పేరు మీదికి మార్పించడానికి కంపెనీకి తెలియజేయాలి. పాత బండి అయితే తాళం చేతికి తీసుకున్న రోజే ఆ కాగితం పెట్టేయండి, మరునాడు మొదటి లోడు ఎత్తుకోండి.